చెట్లు ఎటు పడ్డయో ఎవరన్న చూసిన్రా?

ముందుగల్ల నా తప్పు నేనే ఒప్పుకుంట. 2024 సెప్టెంబర్ మొదటి వారంల, తాడ్వాయి–మేడారం అడవిల చెట్లన్ని పండుకున్న డ్రోన్ వీడియో వాట్సాప్‌ల తిరుగుతుంటే నేను గూడ దాన్ని స్టేటస్ పెట్టుకుని కింద "మన ములుగుల టోర్నడో" అని రాసిన, రాసి ఒక ఏడుపు ఎమోజీ గూడ తగిలించిన. అరగంటల నలభై మంది చూసిన్రు, పది పన్నెండు మంది అదే వీడియో అదే మాటతోని వాళ్ల స్టేటస్‌ల ఎక్కించుకున్నరు. ఒక్కరన్న "అది టోర్నడో అని నీకెట్ల తెలుసు" అని అడగలే. అడిగితే నా దగ్గర జవాబు లేకుండె, అది వేరే సంగతి.

యాది లేనోళ్ల కోసం చెప్త. ఆ రోజు ఆగస్టు 31, శనివారం. ముసురు గాదు, కుండపోత. బంగాళాఖాతంల వాయుగుండం కళింగపట్నం దిక్కు నడుస్తుంది, అదే రాత్రి అర్ధరాత్రి దాటినంక తీరం దాటింది. మున్నేరు పొంగి ఖమ్మం మునిగింది, బుడమేరు వచ్చి విజయవాడ మీద పడ్డది, మన దగ్గర కేసముద్రం–ఇంటికన్నె నడుమ రైలు కట్ట కొట్టుకపోయి పట్టాలు గాల్ల వేలాడినయి. టీవీలన్ని అటే ఉన్నయి, ఉండాల్సిందే గూడ. అదే 31 సాయంత్రం తాడ్వాయి అడవిల ఏం జరిగిందో ఎవరికీ పట్టలే. అటవీశాఖోళ్లు లోపలికి పోయి చూసి చెప్పినంక గాని బయటికి రాలే: దాదాపు 500 ఎకరాల అడవి, 50 వేలకు పైన చెట్లు. మనిషి పోలే, ఊరు పోలే. సమ్మక్క సారలమ్మలే ఆపిన్రు అన్నరు మా దిక్కు, నేను దానికి ఎదురు చెప్ప.

పేర్ల దగ్గరనే నా పంచాది. ఒక దగ్గర టోర్నడో అన్నరు, ఇంకో దగ్గర సుడిగాలి, మరో దగ్గర క్లౌడ్ బరస్ట్. క్లౌడ్ బరస్ట్ ముచ్చట ఒక్క ముక్కల తీసేస్త: అది వానకు పెట్టిన పేరు, కొద్దిపాటి జాగల గంటకు 100 మిల్లీమీటర్లకు పైన పడితే అట్ల అంటరు, అంతే. వాన ఎంత పడ్డా నిలువెత్తు మద్ది చెట్టును వేర్లతోని పీకి పక్కకు పెట్టది, దానికి గాలి కావాలె. వాన సంగతే అయితే ఇదే ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటల 2023 జులైల ఒక్క రోజుల 649.8 మిల్లీమీటర్లు పడ్డది, రాష్ట్రంలనే రికార్డు, మోరంచపల్లి మునిగింది ఆ వానలకే. అప్పుడు ఊర్లు మునిగినయి గాని అడవి ఇట్ల పండుకోలే.

ఇగ మిగిలింది సుడిగాలి. మనకు ఈ మాటతోని ఒక చిక్కుంది. ఎండాకాలం మిర్చి కల్లాలల్ల లేస్తది సూడుండ్రి, మట్టి, ఆకులు, ఎండు మిరపకాయలు, పరదా ముక్కలు అన్ని కలిపి గిర్రున తిప్పుకుంట పోతది, మా అమ్మమ్మ తూ తూ అని ఉమ్మి చెప్పు తిరగేసి పెట్టేది, అది సుడిగాలే. కాని దానికి మొగులుతోని సంబంధం లేదు. ఆకాశం అద్దం లెక్కున్నప్పుడే లేస్తది, కాలిన నేల మీద గాలి వేడెక్కి కింది నుంచి పైకి పుట్టేది అది. టోర్నడో అట్ల గాదు, అది మొగులుకు పుట్టిన బిడ్డ, పైన ఉరుముల మేఘం లేకపోతే అది లేదు. రెండింటికి ఒకటే మాట వాడుతున్నం గాబట్టి వినేటోళ్లకు "ఆ, సుడిగాలే గదా, జర పెద్దది" అనిపిస్తది.

మరి మొగులుల సుడి ఎట్ల పుడతది? దీనికి నాకు దొరికిన ఉపమానం మా ఇంట్లదే. మా అమ్మ కార్తీకం వచ్చే ముందు పత్తి తీసి ఒత్తులు చేసి డబ్బల పెట్టుకుంటది. ఎడమ అరచెయ్యి కదలనియ్యది, దాని మీద పత్తి పోగు, పైనుంచి కుడి అరచేతితోని ముందుకు నూకుతది. కింద చెయ్యి ఆగింది, పై చెయ్యి ఉరికింది, నడుమ ఉన్న పత్తి ఏం జేస్తది, గిర్రున తిరుగుతది, ఒత్తి అయితది. గాలి గూడ గంతే. నేల అనేది ఎడమ అరచెయ్యి. చెట్లు, ఇండ్లు, గుట్టలు తగిలి కింద గాలి మెల్లగైతది, ఒక కిలోమీటరు పైన ఉన్న గాలికి ఏ అడ్డం లేదు, ఉరుకుతనే ఉంటది. ఆ రెండింటి నడుమ కంటికి కనపడని గాలి ఒత్తులు అడ్డంగ పండుకుని దొర్లుతుంటయి. ఇప్పటిదాక ఎవరికీ ఏం కాదు. కాని ఒక ఉరుముల మేఘం పైనుంచి వచ్చి ఆ ఒత్తి నడుమను పైకి గుంజుకుంటే? పండుకున్నది లేచి నిలబడతది. తిరుగుడు పోదు, నిలువుగ తిరగడం షురూ చేస్తది, మేఘం మొత్తం మెల్లగ తిరుగుతది. ఇంకా గుంజితే సన్నబడతది, సన్నబడ్డకొద్ది జోరు పెరుగుతది. ఆ సన్నటి తిరుగుడు నేలను ముట్టుకుంటే దాన్ని టోర్నడో అంటరు. (తిరిగే ప్రతి మేఘం టోర్నడో పెట్టది, చాలావరకు పెట్టయి. పండుకున్న ఒత్తి లేస్తేనే చాలదు, మేఘంల నుంచి కిందికి దిగే గాలి గూడ సరైన తీరుగ చుట్టుకుని రావాలె.)

అమెరికా మైదానాలల్ల వచ్చే పెద్ద టోర్నడోలకు కింద సముద్రం నుంచి తడి గాలి, పైన కొండల దిక్కు నుంచి పొడి గాలి, రెండు కలిసి మేఘాన్ని పదిహేను కిలోమీటర్ల పైకి ఉబ్బిస్తయి. తుపాన్లల్ల అంత పొంగు ఉండది, పైన కింద అంత వెచ్చగ తడిగ ఒకటే తీరుగ ఉంటది. అందుకే చాలామంది, నేను గూడ, తుపాన్ల టోర్నడో ఎట్ల వస్తది అనుకుంటం. వస్తది. ఎందుకంటే పొంగు తక్కువున్నా ఒత్తులు మస్తుంటయి. తుపాను నేల మీదికి ఎక్కుతుంటే సముద్రం మీద సాఫ్‌గ ఉరికిన గాలి ఒక్కసారి చెట్లకు ఇండ్లకు తగిలి కింద ఆగిపోతది, పైన మాత్రం అదే జోరు. నేలకు ఒక కిలోమీటరు లోపలనే గాలిల అంత తేడా ఇంకెక్కడ దొరకది. ఆ ఒత్తులను లేపనీకి పెద్ద మేఘం గూడ అక్కర్లేదు, తుపాను చుట్టు తిరిగే బయటి వాన పట్టీలల్ల ఉండే పొట్టి పొట్టి మేఘాలే చాలు. దానికి తోడు ఎక్కడినుంచో జర పొడిగాలి జొరబడి, పట్టీ పట్టీ నడుమ ఎండ కొట్టి, నేల జర వేడెక్కిందా, ఇగ చూస్కో. అందుకే తీరం దాటేటప్పుడు ఒకసారి, తెల్లారి లోపల నేల మీద మధ్యాహ్నం పూట ఇంకోసారి ఇవి ఎక్కువ పుడతయి.

తుపాను బలం తగ్గింది గదా అని నిమ్మలపడేటోళ్లకు ఒక లెక్క. 2004ల ఇవాన్ హరికేన్ అలబామా తీరం దాటింది సెప్టెంబర్ 16న. మొత్తం 120 దాక టోర్నడోలు పెట్టింది, అందుల పెద్ద గుంపు మరునాడు ఎక్కడో ఉత్తరాన వర్జీనియాల పడ్డది, అప్పటికి అది తుపానే కాదు. 1967ల బ్యూలా అనే హరికేన్ టెక్సాస్‌ల 115 పెట్టింది. 2024 అక్టోబర్‌ల మిల్టన్ ఇంకా విచిత్రం, తుపాను ఫ్లోరిడా పడమటి తీరానికి రాకముందే తూర్పు దిక్కున ఉన్న సెయింట్ లూసీ కౌంటీల టోర్నడో వచ్చి ఆరుగురు పోయిన్రు. తుపాను కన్ను ఎక్కడుందో అని మ్యాప్‌ల చూసుకుంట కూసున్నోళ్లకు దెబ్బ ఇంకో దిక్కు నుంచి తగిలింది.

మన దేశంల గూడ ఉన్నది. 2021 మే 25, యాస్ తుపాను ఇంకా ఒడిశా తీరం ముట్టలే, మరునాడు ముట్టింది, ఈలోపల బెంగాల్‌ల హాలిషహర్, చుంచురా దిక్కు టోర్నడో లేచి ఇండ్లు దెబ్బతిన్నయి. ఇది పుస్తకంల చెప్పినట్టే ఉంది. ఎందుకంటే మన అర్ధగోళంల తుపాను నడిచే దిక్కుకు మొహం పెట్టి నిలబడితే, కుడి చెయ్యి దిక్కు ముందు భాగం, అక్కడనే ఈ టోర్నడోలు ఎక్కువ పుడతయి. యాస్ ఉత్తరం-వాయవ్యం దిక్కు పోతుంటే హుగ్లీ జిల్లా సరిగ్గ ఆ కుడి ముందు మూలకు వచ్చింది.

ఇగ ఇక్కడనే నా స్టేటస్ నాకు ముల్లు లెక్క గుచ్చుకున్నది. ఆగస్టు 31 సాయంత్రం వాయుగుండం ఎక్కడుంది, ఉత్తరాంధ్ర తీరానికి అవతల సముద్రంల. అది పోయేది పడమర-వాయవ్యం దిక్కు. కుడి ముందు అంటే ఒడిశా దిక్కు. తాడ్వాయి ఎక్కడుంది? దానికి ఎదురుంగ, జర ఎడమకు, నాలుగు వందల కిలోమీటర్లకు పైన దూరంల. అంటే టోర్నడోకు పేరున్న మూల మనది కాదు. మరి మన మూల దేనికి పేరున్నది? వానకు. రుతుపవనాల కాలంల వచ్చే వాయుగుండాలకు నైరుతి దిక్కునే వాన దంచి కొడతది, వాతావరణం చదివినోళ్లు ఎవరన్న ఇది చెప్తరు. ఖమ్మం, మహబూబాబాద్, విజయవాడ అందుకే మునిగినయి. అసలే ఆ వాయుగుండం గాలి గంటకు 50 కిలోమీటర్ల లోపల, అంతకు మించితే తీవ్ర వాయుగుండం అంటరు, 63 దాటితే తుపాను. అంటే తాడ్వాయిల చెట్లను పీకిన గాలి వాయుగుండం గాలి కాదు, దాని లోపల ఒక మేఘం సొంతంగ చేసిన పని. సుడి తిప్పి చేసిందా, ఇంకో తీరుగ చేసిందా?

ఇంకో తీరు అంటే డౌన్‌బరస్ట్. దీనికి తెలుగుల మంచి మాట ఇంకా కుదరలే, నేనైతే కుమ్మరింపు గాలి అంటున్న, మీకు నచ్చకపోతే ఇంకోటి చెప్పుండ్రి. మేఘంల నీళ్ల బరువు ఎక్కువై, వాన పడేటప్పుడు చుట్టు గాలిని గూడ కిందికి గుంజుకొస్తది, కొంత వాన ఆవిరై ఆ గాలిని చల్లగ చేస్తది, చల్లటి గాలి బరువు గాబట్టి ఇంకా జోరుగ కిందికి పడతది. చెంబెడు నీళ్లు ఒక్కసారి బండ మీద కుమ్మరిస్తే ఏమైతది, నలుదిక్కుల చిమ్ముతది. గాలి గూడ నేలకు తాకి పక్కలకు చిమ్ముతది, ఆ చిమ్ముడు గంటకు వంద, నూటయాభై కిలోమీటర్లు గూడ ఉండొచ్చు.

ఈ రెండింటిని పడ్డ చెట్లను చూసి వేరు చేయొచ్చని లోకానికి చూపించినాయన టెట్సుయా ఫుజిటా. ఈయన కథ నాకు భలే ఇష్టం. జపాన్‌ల కొకురా పక్కన ఉండేటోడు. 1945 ఆగస్టు 9న రెండో అణుబాంబు వేయాల్సింది కొకురా మీదనే, ఊరు మీద మబ్బు పొగ కమ్మి కనపడక విమానం నాగసాకికి మళ్లింది. మొగులు చదివేటాయన మొగులు పుణ్యాననే బతికిండు. తర్వాత నాగసాకి పోయి, పేలుడుకు ఏది ఎటు ఒరిగిందో చూసి, బాంబు ఏ ఎత్తుల పేలిందో లెక్క గట్టిండు. అమెరికా పోయి, జరిగిన నష్టం చూసి టోర్నడో జోరు లెక్కగట్టే ఎఫ్ స్కేల్ పెట్టింది ఆయనే, 1971ల. 1974ల టోర్నడోలు పడ్డ జాగల మీద విమానంల తిరుగుతుంటే ఒక దగ్గర అడవిల చెట్లు చుక్క పేలినట్టు నడుమ నుంచి బయటికి పడి కనపడ్డయట, నాగసాకిల చూసిన గుర్తే. సుడి అయితే చెట్లు అట్ల పడయి. సుడి లోపలికి గుంజుకుంటది, చెట్లు ఒకదాని మీద ఒకటి అడ్డదిడ్డం, రెండు పక్కలవి నడుమ గీత దిక్కు ఒరిగి, సన్నగ పొడుగ్గ ఒక బాట లెక్క ఉంటది. ఈయన డౌన్‌బరస్ట్ అంటే మొదట్ల చానమంది నమ్మలే, తర్వాత విమానాశ్రయాలల్ల దానికోసమే ప్రత్యేకం రాడార్లు పెట్టుకున్నరు.

ఇప్పుడు తాడ్వాయి లెక్క చూద్దాం. 500 ఎకరాలు అంటే సుమారు రెండు చదరపు కిలోమీటర్లు. తుపాన్లల్ల పుట్టే టోర్నడోలు ఎక్కువ శాతం చిన్నయి, సన్నయి, నాలుగు నిమిషాలల్ల పోయేటియి. వంద మీటర్ల వెడల్పు బాట అనుకుంటే రెండు చదరపు కిలోమీటర్లకు ఇరవై కిలోమీటర్ల పొడుగు కావాలె. ఇరవై కిలోమీటర్ల గీత పడితే అది అడవి దాటి ఏదో ఒక ఊరి మీదికి, రోడ్డు మీదికి రాకుండ ఉంటదా? అందుకే నేను కుమ్మరింపు దిక్కు మొగ్గుతున్న. కాని మొగ్గుడు వేరు, తేలుడు వేరు. తేల్చేది చెట్లు.

ఆ చెట్లను చూద్దామని నేను గూడ పోయిన, జర లేటుగ, దసరా సెలవులల్ల. మా బావది గోవిందరావుపేట దిక్కు, ఆయన బండి మీదనే పస్రా దాటి తాడ్వాయి రోడ్డుకు పోయినం. రోడ్డు పక్కన పడ్డవి అప్పటికే కోసి కుప్ప పెట్టిన్రు. జర లోపలికి నడిస్తే ఒక మద్ది చెట్టు, వేర్ల దిమ్మె నిలువుగ లేచి నిలబడ్డది, నాకంటె ఎత్తు, వేర్ల నడుమ ఎర్రమట్టి ఇంకా పట్టుకునే ఉంది, చెయ్యి పెడితే రాలుతుంది. లోతు వేరు లేదు, అన్ని పక్కకు పళ్లెం లెక్క పరుచుకున్నయి. అది లేచిన గుంతల నీళ్లు, నీళ్లల్ల తోక కప్పలు. నెల రోజుల కిందటిదాక ఆ జాగల ఆరేడు అంతస్తుల చెట్టుండె అంటే నమ్మబుద్ధి కాలే. రెండ్రోజులు నాని మెత్తబడ్డ నేల, పళ్లెం వేర్లు, ఇగ దానికి పెద్ద గాలి గూడ అవసరం లేకుండె కావొచ్చు. ముప్పై ఫోటోలు తీసిన. ఇంటికొచ్చి లాప్‌టాప్‌ల పెట్టి చూస్తే అప్పుడు తెలిసింది నా తెలివి: ఒక్క ఫోటోల గూడ ఉత్తరం ఎటో తెల్వది. జేబుల ఫోన్, ఫోన్‌ల దిక్సూచి, తీసి చూడాలె అన్న సోయి లేదు. ఫుజిటా గురించి అరగంట లెక్చర్ ఇచ్చినోడు నేనే మళ్ల.

బావది ఒకటే మాట. "ఏ పేరైతే ఏంది బామ్మర్దీ, చెట్లు పోయినయి గదా, పేరు మారిస్తే లేచి నిలబడతయా?" అని. లేవయి. కాని పేరు మారితే మనం కాసుకునే తీరు మారుతది బావా అన్న. టోర్నడో అయితే గాలిల సుడి కోసం వెతకాలె, అది కిలోమీటరు రెండు కిలోమీటర్ల ఎత్తుల చిన్నగ ఉంటది. కుమ్మరింపు అయితే మేఘంల నీళ్ల ముద్ద పైనుంచి ఎట్ల జారుతుందో చూడాలె. రెండింటికి రాడార్ కావాలె. ఆ రోజుకు మనకు దగ్గర్ల ఉన్నది హైదరాబాద్ రాడార్, గీత గీస్తే తాడ్వాయి 200 కిలోమీటర్లు దాటుతది, మచిలీపట్నం ఇంకా దూరం, విశాఖ మరీ దూరం. రాడార్ చూపు తిన్నగ పోతది, భూమి గుండ్రం, గాబట్టి దూరం పోయినకొద్ది చూపు పైపైకి లేస్తది. 200 కిలోమీటర్ల దగ్గర అది నేలకు నాలుగు కిలోమీటర్ల పైన పోతది, ఆ చూపు మందమే మూడు కిలోమీటర్లు దాటుతది. అంటే పుట్టే జాగ మొత్తం దాని కిందనే ఉంది. బేగంపేట వాతావరణ ఆఫీసుల కూసున్నోళ్లను తిట్టి లాభం లేదు, వాళ్ల కన్నుకు మన అడవి అందలే. వరంగల్, ములుగు, భూపాలపల్లి, గోదారి ఒడ్డు మొత్తం ఇదే పరిస్థితి, తుపాను అంటే తీరపోళ్ల ముచ్చట అని మనం అనుకుంటే రాడార్లు పెట్టేటోళ్లు గూడ అట్లనే అనుకున్నరు కావొచ్చు. 2025 అక్టోబర్ ఆఖర్ల మొంథా తీరం దాటి వచ్చి హన్మకొండ కాలనీలను ముంచినప్పుడు గూడ మా గల్లీల అందరి నోట ఒకటే మాట, "తుపాను ఆంధ్రల గదా వచ్చింది?"

రాడార్ అడుగుదాం, అడగాలె. కాని అది వచ్చేదాక చేతిల ఉన్న పని ఒకటుంది, దానికి పైసా ఖర్చు లేదు. చెట్టు పడితే కోయకముందు ఫోన్ తీసి, మొదలు నుంచి కొస దిక్కు మొహం పెట్టి నిలబడి, దిక్సూచి ఎంత చూపిస్తుందో ఫోటో తీసుడు. యాభై చెట్లకు చేసినా చాలు, అది చిమ్మిందా తిప్పిందా అని గీతలు గీసి చూపించొచ్చు. 50 వేల చెట్లు పడ్డ దగ్గర వేల సెల్ఫీలు దిగినం, వాటిల దిక్కు రాసున్నది ఒకటి దొరికితే నాకు పంపుండ్రి, దండం పెడత.

మొన్న వైశాఖంల గాలిదుమారం కొట్టిన తెల్లారి బావ ఫోన్ చేసిండు, గొంతుల గర్వం తెలుస్తనే ఉంది. "బామ్మర్దీ, మా తోటల మూడు మామిడి చెట్లు పడ్డయి, నువ్వు చెప్పినట్టే చూసిన, రెండు ఈశాన్యం దిక్కు, ఒకటి మాత్రం అడ్డం తిరిగి ఉంది. ఇది ఏందంటవ్, సుడా, కుమ్మరింపా?" నాకు పానం లేచొచ్చింది. జర ఆగు బావా, ఆ అడ్డం పడ్డదాన్ని మొదలు కాడినుంచి ఒక ఫోటో తీసి పంపు అన్న.

"ఏడిది? పొద్దుగాలనే మా బాపు మిషన్ పెట్టి కోయించిండు."